ఆటపటములో వెలుగు, నీడ

వీడియో ఆటలలో ఆటగాడు సంచరించు వీధులను, ఇండ్లను, తోటలను నిర్మించు సాధనమునకు మ్యాప్ ఎడిటరని పేరు. అందు గోడలు కట్టుట సులభమే. వెలుగు నమర్చుటయే కష్టము. వెలుతురు చాలదని తోచినంతనే అంతటను సమానముగా వ్యాపించు కాంతిని పెంచివేయుట క్రొత్తవారి అలవాటు. అందువలన చీకటి తొలగును గాని, దానితో నీడలును తొలగిపోవును. గోడకును నేలకును భేదము తెలియక ఆటగాడు దారి తప్పును. కావున నీడను చెరుపక వెలుగు నిచ్చు విధమును మనవి చేసెదను.

మా బంగారుపాళ్యము మామిడి మార్కెట్టును ఆటస్థలముగా కట్టుచున్నామనుకొందము. తోతాపురి కాయలు వచ్చు జూన్ నెల, మిట్టమధ్యాహ్నము. మొదట సూర్యుని నిలుపవలెను. ఈ యూరు భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 13 డిగ్రీల దూరములో నున్నది. జూన్ 21వ తేదీ ప్రాంతమున సూర్యుడు 23 డిగ్రీలు దాటి యుండును. అనగా మన నడినెత్తికి ఉత్తరముగా 10 డిగ్రీలు ఒరిగియుండును. అప్పుడు 10 అడుగుల స్తంభము నీడ దక్షిణముగా, 2 అడుగులకు లోపుగనే పడును. డిసెంబరు నెలలో ఆ స్తంభపు నీడయే ఉత్తరముగా 7 అడుగులు దాటును. ఐరోపా ఆటలను చూచి జూన్ సూర్యుని దక్షిణమున వాల్చినచో, కట్టినది మన యూరైనను ఎండ మాత్రము పరాయిదగును.

రెండవది ఆకాశకాంతి. ఎండ సోకని చోట్లను గూడ ఇది పడును. దీనికి కొంచెము నీలి రంగునిచ్చి, ఎండకంటె మిక్కిలి తక్కువగా నుంచవలెను.

మూడవది ప్రతిఫలించిన కాంతి. ఎండ తగిలిన ఎర్రమన్ను రేకుల కప్పు క్రిందికి ఎర్రని వెలుగును విసరును. వేడి యొక తలమునుండి మరొక తలమునకు ప్రసరించుటను గణించు పద్ధతిని 1984లో కార్నెల్ విశ్వవిద్యాలయమువారు కంప్యూటరు చిత్రములలోని కాంతికి వర్తింపజేసిరి. 1996లో వచ్చిన క్వేక్ అను ఆటలో వెలుగునీడలను ముందుగనే లెక్కించి గోడలపై అచ్చొత్తినట్లు భద్రపరచిరి. 1998 నాటి హాఫ్ లైఫ్ ఆటలో ఆ లెక్కయందు ప్రతిఫలనము గూడ చేరియున్నది.

దీపములను చివర పెట్టవలెను. ప్రతి వెలుగునకును కంటికి కనబడు కారణముండవలెను: కిటికీయో, వాకిలియో, బల్బో. దూరము రెట్టింపైనచో చిన్న దీపపు కాంతి నాల్గవ వంతగును. కావున పెద్ద మండీకి ఒక్క తీవ్రమైన దీపముకంటె దూరదూరముగా నుంచిన నాలుగు చిన్నవి మేలు. మసకలో చూపు వెలుగువైపు పోవును గనుక, ఆటగాడు చేరవలసిన కాటా మీదనే ఒక దీపము వ్రేలాడవలెను.

ఇదంతయు ముగిసిన పిమ్మట ఎడిటరులో పైనుండి చూచి తృప్తిపడరాదు. ఆటగాని కంటి ఎత్తున నిలిచి, వాకిలి మొదలు కాటా వరకు నడిచి చూడవలెను. మా యూర జూన్ ఎండలో రైతులు, కూలీలు నీడ వెదకి కూర్చుందురు. ఆటలోని మనుష్యులను గూడ అచ్చటనే కూర్చుండబెట్టుడు. వారికి నీడ చాలినదా లేదా యనునది చూచినచో, వెలుగు సరిగా కుదిరినదో లేదో తెలియును.