జోయీ తెలివి ఏమైపోయింది?

ఈ వీకెండ్ ఒక చిన్న పని చేయండి. ‘ఫ్రెండ్స్’ మొదటి సీజన్‌లో ఏడో ఎపిసోడ్ చూడండి. న్యూయార్క్‌లో కరెంటు పోయిన రాత్రి జరిగే కథ అది. అయిపోగానే పదో సీజన్‌లో జోయీ ఫ్రెంచ్ నేర్చుకునే ఎపిసోడ్ పెట్టుకోండి. ఇంగ్లిష్ మెరుగవుతుందని సీనియర్లు చెబితే సబ్‌టైటిల్స్ పెట్టుకుని సిరీస్ మొత్తం చూసేసినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. వరసగా చూస్తే తెలియదు. ఇలా పక్కపక్కన పెట్టినప్పుడే తేడా కళ్లకు కడుతుంది.

మొదటిది 1994 నాటిది. రాస్‌కి రేచల్ అంటే ఇష్టం, కానీ నోరు పెగలదు. ఆ సంగతి కనిపెట్టి, నువ్వు మరీ ఆలస్యం చేశావు, ఇక ఫ్రెండ్ జోన్‌లో పడిపోయావు అని సూటిగా చెప్పేది జోయీనే. ఇవాళ మీరు క్యాంటీన్‌లో వాడే ‘ఫ్రెండ్ జోన్’ అన్న మాటని జనంలోకి తీసుకెళ్లిన సీన్లలో అది ముందు వరసలో ఉంటుంది. అంటే జోయీ పుస్తకాలు చదివే రకం కాకపోయినా మనుషుల్ని చదవగలడు.

రెండోది 2004 నాటిది. ఆడిషన్ కోసం ఫీబీ అతనికి ఫ్రెంచ్ వాక్యాన్ని ముక్కలు చేసి నేర్పిస్తుంది. ఒక్కో ముక్కా సరిగ్గానే పలుకుతాడు. కలిపి చెప్పమంటే మాత్రం ఏవో అర్థంలేని శబ్దాలు చేస్తాడు. పైగా అదరగొట్టేశానని నమ్ముతాడు. చివరికి అతని పరువు కాపాడటానికి ఫీబీ ఆ డైరెక్టర్‌కి ఫ్రెంచ్‌లో చెప్పుకోవాల్సి వస్తుంది, ఇతను నా తమ్ముడు, బుద్ధి సరిగా ఎదగలేదు అని. నవ్వొస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ మనుషుల్ని చదవగలిగిన ఆ మొదటి జోయీ ఎటు పోయాడు? పదేళ్లలో మనిషి ఎదగాలి కదా, ఇతనేంటి ఇలా తరిగిపోయాడు?

ఇలా తరిగిపోవడానికి ఇంగ్లిష్ టీవీ అభిమానులు ‘ఫ్లాండరైజేషన్’ అని పేరు పెట్టుకున్నారు. ‘ది సింప్సన్స్’ కార్టూన్ సిరీస్‌లో హోమర్ పక్కింటాయన నెడ్ ఫ్లాండర్స్ పేరు మీద వచ్చింది. 1989 డిసెంబరులో మొదలైన ఆ సిరీస్ తొలి సీజన్లలో ఫ్లాండర్స్ అంటే మంచి తండ్రి, మంచి పొరుగువాడు. ఎడమచేతివాటం వాళ్లకి కావాల్సిన వస్తువులు అమ్ముదామని దుకాణం పెట్టి చేతులు కాల్చుకున్నవాడు. అన్నిట్లోనూ తనకంటే ఒక మెట్టు పైన ఉన్నాడని హోమర్‌కి కడుపుమంట. చర్చికి వెళ్లడం అతని పది లక్షణాల్లో ఒకటి, అంతే. సీజన్లు గడిచేకొద్దీ ఆ ఒక్కటే పెరిగి మిగతా తొమ్మిదింటినీ మింగేసింది. తర్వాతి ఫ్లాండర్స్ నోరు తెరిస్తే దేవుడి గోలే.

ఇదంతా రైటర్ల బద్ధకం అని కొట్టిపారేస్తుంటారు. నాకు అలా అనిపించదు. అమెరికన్ టీవీలో అప్పట్లో ఏడాదికి 22 నుంచి 24 ఎపిసోడ్లు రాయాలి. ప్రకటనలు పోను ఒక్కోదానికి మిగిలేది దాదాపు 22 నిమిషాలు. ‘ఫ్రెండ్స్’ని ప్రేక్షకుల్ని ఎదురుగా కూర్చోబెట్టి తీసేవారు. జోక్ పేలకపోతే టేకుకీ టేకుకీ మధ్య నిలబడే కొత్తది రాసేవారు. పేలినది ఉంటుంది, పేలనిది పోతుంది. నిజానికి జోయీని మందబుద్ధిగా చూపించాలని సృష్టికర్తలు డేవిడ్ క్రేన్, మార్తా కాఫ్‌మన్ మొదట అనుకోనే లేదు. మాట్ లెబ్లాంక్ మొహం పెట్టి అమాయకంగా చూస్తే నవ్వులు రాలుతున్నాయని తర్వాత తెలిసింది. ఈ వారం నవ్వు వచ్చింది కాబట్టి వచ్చే వారం ఇంకొంచెం. ఒక్క వారంలో జరిగింది ఎవరికీ కనిపించదు. 236 ఎపిసోడ్లు అయ్యాక వెనక్కి చూస్తే కనిపిస్తుంది.

ఈసీఈ వాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. కాలేజీ డే ఫంక్షన్‌లో ఎవరో మైకు పట్టుకుని స్పీకర్ ముందుకి నడుస్తారు. కుయ్యిమని చెవులు చిల్లులు పడే శబ్దం వస్తుంది. ఆ కూత ఎవరి గొంతూ కాదు. స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దాన్ని మైకు మళ్లీ పట్టుకుంటుంది, ఆంప్లిఫయర్ మళ్లీ పెంచుతుంది. ఆ తిరుగుడులో ఏ ఒక్క ఫ్రీక్వెన్సీకి గెయిన్ ఎక్కువుంటే అది ప్రతి చుట్టుకీ బలిసి మిగతావాటిని ముంచేస్తుంది. మాట్లాడుతున్న మనిషి మాత్రం అక్కడే నిలబడి ఉంటాడు, ఒక్క ముక్క వినపడదు.

ఇంకొక కారణం కూడా ఉంది. మీ కెరియర్‌కి దగ్గరగా వచ్చేది ఇదే, కాస్త గుర్తుపెట్టుకోండి. ఎక్కువ కాలం నడిచే సిరీస్‌లో రైటర్లు మారుతుంటారు. అయిదో సీజన్‌లో చేరిన రైటర్‌కి జోయీ అంటే నాలుగో సీజన్ జోయీనే. మొదటి రోజు కాగితం మీద ఉన్న మనిషితో అతనికి పరిచయం తక్కువ. జిరాక్స్ కాపీని మళ్లీ జిరాక్స్ తీసినట్టు నల్లవి ఇంకా నల్లబడతాయి, సన్న గీతలు మాయమవుతాయి.

దీనికి నాకు తెలిసిన బాధాకరమైన ఉదాహరణ ‘ది ఆఫీస్’ అమెరికన్ సిరీస్‌లో అకౌంటెంట్ కెవిన్ మలోన్. రెండో సీజన్ చివరి ఎపిసోడ్‌లో ఆఫీసు వాళ్లంతా సరదాగా పేకాటకి కూర్చుంటారు. అప్పుడు కెవిన్ కెమెరాకి తన రికార్డు చెబుతాడు. 2002లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో ఒక టోర్నమెంట్ గెలిచాడట! పోకర్ అంటే సంభావ్యత లెక్క, ఎదుటివాడి మొహం చదవడం, ఓపిక. నెమ్మదిగా మాట్లాడే ఈ లావాటి మనిషి లోపల ఇంత ఉందా అని మనం నవ్వుతాం. ఆ జోక్ పేలిందంటే కారణం, మనం అతన్ని తక్కువ అంచనా వేశాం కాబట్టి.

నాలుగో సీజన్ ముగింపుకి వద్దాం. హెచ్ఆర్‌కి హోలీ అనే కొత్త ఆమె వస్తుంది. డ్వైట్ ఆమెను ఆటపట్టించడానికి కెవిన్‌కి బుద్ధిమాంద్యం ఉందని చెబుతాడు. పాపం ఆమె నమ్మేస్తుంది. చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. ఇక్కడా జోక్ హోలీ మీదే. కెవిన్ అలాంటివాడు కాదని మనకి తెలుసు, ఆమెకి తెలియదు. అయితే ఆ తర్వాతి సీజన్లలో చూడండి. డ్వైట్ ఆడిన అబద్ధాన్ని రైటర్లే నమ్మినట్టు ఉంటుంది. తొమ్మిదో సీజన్‌కి వచ్చేసరికి కెవిన్ మామూలు కూడిక చేయలేడు, అవే అంకెల్ని తినే ‘పై’లుగా చెబితే టకటకా చెప్పేస్తాడు. చివరి ఎపిసోడ్‌లో అతని ఉద్యోగం కూడా పోతుంది. లెక్కలు సరితూగనప్పుడల్లా ‘కెలెవెన్’ అని తాను కనిపెట్టిన ఒక అంకె వాడేవాడని బయటపడుతుంది. 2006లో పోకర్ చాంపియన్, 2013లో అంకెలు రాని అకౌంటెంట్.

కామెడీకి పునరావృతం తప్పదు, ఆ మాటా ఒప్పుకోవాలి. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చిన మన ‘అమృతం’నే చూడండి. ఆ పాత్రని శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురు వేశారు. మొహం మారినా అమృతం అమృతంలాగే ఉన్నాడంటే, అతని వరస మనకి కంఠతా వచ్చేసింది కాబట్టే. ఒకే పని మళ్లీ మళ్లీ చేయడంలో తప్పేమీ లేదు. ఆ పని తప్ప ఇంకేదీ లేకుండా పోయినప్పుడే చిక్కు.

ఇప్పుడు మీ గ్యాంగ్ సంగతికి రండి. ఫస్టియర్‌లో ఎవరో ఒకరోజు లేటుగా వచ్చి సారుకి ఫన్నీగా సమాధానం చెప్పారు. క్లాసంతా నవ్వింది. ఫైనలియర్‌కి వచ్చేసరికి అతను ‘మా బ్యాచ్ కమెడియన్’. సీరియస్‌గా డౌట్ అడిగినా నవ్వే వస్తుంది. ఇంకొకమ్మాయి ‘పుస్తకాల పురుగు’. ఆమెకి ఫెస్ట్ స్పాన్సర్ల దగ్గరికి వెళ్లి మాట్లాడే పని ఎవరూ ఇవ్వరు, ఆమె కూడా అడగడం మానేసింది. ఇలా చేద్దామని ఎవరూ కూర్చుని తీర్మానించలేదు.

మా సీనియర్ బ్యాచ్‌లో ఒకతను ఉండేవాడు. ఫస్టియర్ సీ ల్యాబ్‌లో పక్కవాళ్ల ప్రోగ్రాముల్లో తప్పులు వెతికిపెట్టేది అతనే. సెకండియర్ సెమినార్‌కి స్లైడ్లు ముచ్చటగా చేశాడు, మేడమ్ మెచ్చుకున్నారు. అక్కడి నుంచి ఏ టీమ్‌లో ఉన్నా పీపీటీ అతనిదే. మినీ ప్రాజెక్ట్‌కి పీపీటీ, మేజర్ ప్రాజెక్ట్‌కి పీపీటీ, చివరికి వేరే టీముల పీపీటీలు కూడా. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో ప్రాజెక్ట్ డేటాబేస్‌లో టేబుల్స్ అలా ఎందుకు విడగొట్టారని అడిగారు. స్లైడ్ నంబర్ చెప్పగలిగాడు, కారణం చెప్పలేకపోయాడు. ఆ ఆఫర్ రాలేదు. కోడ్ రానివాడు కాదండీ అతను. రెండున్నరేళ్లుగా ఎవరూ రాయమనలేదు, అంతే.

ఉద్యోగంలో చేరాక ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. మొదటి నెలలో ఒక ఎక్సెల్ షీట్ చకచకా సరిచేశారనుకోండి, ఇక ఆ టీమ్‌లో ఎక్సెల్ షీట్లన్నీ మీవే. మేనేజర్ మారతారు. కొత్తాయనకి మీ గురించి తెలిసింది పాతాయన చెప్పిన ఒక్క ముక్కే, ‘రిపోర్టులకి ఇతన్ని వాడుకోండి’. అయిదో సీజన్‌లో చేరిన రైటర్ గుర్తున్నాడా? ఈయన అతనే. మీరు కాలేజీలో పైథాన్‌లో ఏం చేశారో ఈయన చూడలేదు, చూడమని మీరు చెప్పనూ లేదు.

ఇందులో మన చెయ్యి కూడా ఉంటుంది. లింక్డ్‌ఇన్‌లో ఒకసారి ‘ప్యాషనేట్ కోడర్’ అని రాసి లైకులు వస్తే, తర్వాతి పోస్టు ఇంకాస్త ప్యాషనేట్‌గా ఉంటుంది. నాలుగు నెలలకి ఆ ప్రొఫైల్‌లో ఉన్నది మీరా, మీ కార్టూన్ బొమ్మా అన్నది అనుమానమే. జోయీ ఫ్రెంచ్ తిప్పలకి కూడా మూలం ఏంటో తెలుసా? ఫ్రెంచ్ అనర్గళంగా వచ్చని రెజ్యూమేలో రాసుకోవడం.

మరి ఏ రైటరూ దీన్ని ఆపలేదా? ఆపారు, అదీ ఇదే ‘ఆఫీస్’లో. 2005లో వచ్చిన మొదటి సీజన్ ఆరు ఎపిసోడ్లే. అందులో బాస్ మైఖేల్ స్కాట్ భరించలేనట్టు ఉంటాడు. వేళాపాళా లేని జోకులు, నోటిదురుసు. రెండో సీజన్‌లో గ్రెగ్ డేనియల్స్ బృందం ఆ జోకుల్ని తీసేయలేదు. ‘ది క్లయింట్’ అనే ఎపిసోడ్‌లో ఒక పెద్ద ఒప్పందం కోసం మైఖేల్, అతని పై అధికారి జాన్ ఒక కౌంటీ ప్రతినిధిని కలవాలి. అనుకున్న హోటల్ మానేసి మైఖేల్ అందర్నీ చిల్లీస్ అనే మామూలు రెస్టారెంట్‌కి లాక్కెళతాడు. తినిపిస్తాడు, గంటలకొద్దీ జోకులేస్తాడు, వ్యాపారం మాటే ఎత్తడు. జాన్‌కి ఒళ్లు మండిపోతుంది. రాత్రయ్యాక, ఆ వచ్చినాయన బాగా దగ్గరయ్యాక, మైఖేల్ నాలుగు మాటల్లో ఒప్పందం ఖాయం చేసేస్తాడు. విసిగించే లక్షణమే అక్కడ పనికొచ్చింది. ఇతను మంచి బాస్ కాకపోవచ్చు, కానీ గొప్ప సేల్స్‌మన్ అని మనకి తెలిసిపోయింది. ఏడో సీజన్‌లో స్టీవ్ కారెల్ వెళ్లిపోయేదాకా ఆ ఒక్క సీన్ మైఖేల్‌ని మనిషిగా నిలబెట్టిందని నేననుకుంటాను.

‘మీ గురించి చెప్పండి’ అని ఇంటర్వ్యూలో అడిగినప్పుడు మీకు కావాల్సింది అలాంటి సీనే. విశేషణాలు కాదు. ‘నేను కష్టపడతాను, టీమ్ ప్లేయర్‌ని’ అంటే అవతలివాళ్లు రోజుకి ముప్ఫైసార్లు విన్నదే. మీ మీద పడిన ముద్రకి పూర్తిగా అవతల ఉన్న ఒక్క సంఘటన వెతకండి. ఎక్కువ మాట్లాడవని పేరున్నవాళ్లైతే, పక్క బ్రాంచి వాళ్లతో మాట్లాడి ల్యాబ్ టైమింగ్ మార్పించిన రోజు చెప్పండి. కమెడియన్ అని పేరుంటే, రాత్రి రెండింటిదాకా కూర్చుని ఒక్క ఎర్రర్ పట్టుకున్న రోజు చెప్పండి. ఎప్పుడు, ఏం చేశారు, ఏమైంది. ఒకటిన్నర నిమిషం చాలు. గుర్తు రావడం లేదా? ఇంటర్‌లోనో ఫస్టియర్‌లోనో మిమ్మల్ని చూసి, తర్వాత దూరమైన స్నేహితులకి ఫోన్ చేసి, ‘అప్పట్లో నేను ఎలా ఉండేవాణ్ని రా’ అని అడగండి. మీ మొదటి సీజన్ చూసి ఆగిపోయినవాళ్లు వాళ్లే. ఇప్పటి గ్యాంగ్‌ని మాత్రం అడగకండి.

మేజర్ ప్రాజెక్ట్ పనులు ఇంకా పంచుకోకపోతే అక్కడే మొదలుపెట్టొచ్చు. పీపీటీ చేసేవాళ్లు ఈసారి లాగిన్ మాడ్యూల్ తీసుకోండి, కోడ్ రాసేవాళ్లు గైడ్ ముందు నిలబడి డెమో ఇవ్వండి. పాతవాళ్లు పక్కనే కూర్చుని సాయం చేస్తారు కాబట్టి పని ఆగదు. మొదటి రివ్యూలో తడబాటు తప్పదు. గైడ్ కూడా, ఎప్పుడూ మాట్లాడే అబ్బాయి ఏడీ అని అడుగుతారు. ఆ అబ్బాయి డేటాబేస్ చూస్తున్నాడు సార్ అని చెప్పి, స్లైడ్ మార్చండి.