ఆదివారం సాయంత్రం ఆరింటికి ఏమవుతోంది మనకు?

ఆదివారం సాయంత్రం ఆరు. మాదాపూర్‌లో నేనుండే పీజీ మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తుంటా. మధ్యాహ్నం బిర్యానీ తిన్నాం. సినిమా చూశాం. రెండు గంటలు పడుకున్నాం. ఒంట్లో బానే ఉంది. జీతం టైముకే పడింది. అయినా సరిగ్గా ఆ వేళకి గుండె మీద ఎవరో తడి దుప్పటి పరిచినట్టు ఉంటుంది. అప్పుడే అమ్మ ఫోన్.

"తిన్నావేట్రా? ఎలాగున్నావు?"

"బాగున్నానమ్మా."

అది అబద్ధం కాదు. అలాగని నిజమూ కాదు.

మొదట్లో ఇది సోమవారం ఆఫీసు భయమే అనుకున్నా. కానీ వరసగా మూడు రోజులు సెలవులొచ్చిన వారం కూడా అంతే. ఓ రోజు ఉండబట్టలేక పక్క మంచం స్నేహితుణ్ని అడిగా. వాడు ఫోన్‌లోంచి తలెత్తి "నీకూనా?" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆఫీసులో, కాలేజీ గ్రూపులో ఎవర్ని కదిపినా అదే మాట. కష్టమేంటని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. సుఖంగా ఉన్నావా అంటే తలూపడానికీ మనసొప్పదు.

ఈ దిగులుకో పేరుంది

దీనికి ఎప్పుడో పేరు పెట్టిన మనిషి ఉన్నాడు. విక్టర్ ఫ్రాంకల్. వియన్నాలో మానసిక వైద్యుడు. 1942 నుంచి 1945 దాకా నాజీల నిర్బంధ శిబిరాల్లో గడిపాడు. తల్లిదండ్రుల్ని, సోదరుణ్ని, భార్యను పోగొట్టుకున్నాడు. బయటికొచ్చాక ఆ అనుభవాలన్నీ రాసిన పుస్తకం 1946లో అచ్చయింది. ఇంగ్లిష్‌లో 'మ్యాన్స్ సెర్చ్ ఫర్ మీనింగ్' అన్న పేరుతో ప్రపంచమంతా చదివింది.

ఆయన గమనించిన వాటిలో ఒకటి ఈ ఆదివారపు దిగులు. వారమంతా పరుగు. ఆ పరుగు ఆగిన రోజున లోపలి ఖాళీ కనబడుతుంది. అంటే ఆదివారం కొత్తగా తెచ్చిపెట్టిందేమీ లేదు. సోమవారం నుంచి శనివారం దాకా మనం చూడకుండా దాటేసిందే ఆ రోజు ఎదురొస్తుంది.

మరి ఆ ఖాళీ ఎక్కణ్నుంచి వచ్చింది? మన తాతలకు ఇంతకంటే తక్కువే ఉండేది కదా?

తర్వాత... తర్వాత... తర్వాత ఏంటి?

"టెన్త్ ఒక్కటి బాగా రాసెయ్, తర్వాత నీ ఇష్టం." ఈ మాట వినకుండా పెరిగినవాళ్లు మనలో తక్కువ. టెన్త్ తర్వాత "ఈ రెండేళ్లూ కష్టపడు చాలు" అన్నారు. ఇంటర్ హాస్టల్లో తెల్లారుజామున ఐదింటికి గంట కొడితే రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్సే. తర్వాత ఎంసెట్. తర్వాత క్యాంపస్. ఎందుకు చదువుతున్నామో తెలియకపోయినా ఎక్కడున్నామో మాత్రం తెలిసేది. నోటీసు బోర్డు మీద ర్యాంకు ఉండేది కదా!

2019లో ఆఫర్ లెటర్ వచ్చింది. నాకు 22 ఏళ్లు. ఆ రోజుతో పరీక్షలైపోయాయి. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. నోటీసు బోర్డు లేకపోయేసరికి మేమే ఒకటి తయారు చేసుకున్నాం. ప్యాకేజీ, కంపెనీ మారితే ఎంత హైక్, ఆన్‌సైట్, కారు, ఫ్లాటు.

మొదటి జీతంతో అమ్మకు చీర కొన్నప్పుడు కాళ్లు నేల మీద ఆనలేదు. మూడో హైక్‌కి మెయిల్ చదివి ల్యాప్‌టాప్ మూసేశా. దీన్ని కూడా ఎప్పుడో కనిపెట్టారు. 1971లో బ్రిక్‌మన్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు మనిషి సంతోషాన్ని ట్రెడ్‌మిల్‌తో పోల్చారు. ఎంత పరిగెత్తినా ఉన్నచోటే ఉంటాం. 1978లో బ్రిక్‌మన్, మరో ఇద్దరు కలిసి అమెరికాలోని ఇలినాయ్‌లో లాటరీ గెలిచిన 22 మందిని పరిశీలించారు. లాటరీ తగలని మామూలు జనం కంటే వాళ్లేమంత ఎక్కువ సంతోషంగా లేరు. పైగా రోజువారీ చిన్న చిన్న ఆనందాల్లో వాళ్లకి రుచి తగ్గింది. చిన్న పరిశీలనే గానీ, నా మూడో హైక్ సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేసింది.

అమ్మానాన్నల్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఉద్యోగం వాళ్లకు అప్పుల్లోంచి బయటపడే తలుపు. ఆ తలుపు దాకా మమ్మల్ని మోసుకొచ్చారు. పిల్లల్ని అక్కడికి చేర్చడంలోనే వాళ్ల బతుక్కి అర్థం దొరికింది. చేరినవాళ్లకి మాత్రం లోపల ఏం చేయాలో తెలియలేదు.

చివర లేని పేజీ

ఇక ఫోన్. అందరూ మొదట తిట్టేది దాన్నే. నేను అందులోనే అన్నం తింటున్నా కాబట్టి కాస్త లోపలి మాట చెబుతా. వేలితో పైకి తోస్తుంటే కొత్తవి వస్తూనే ఉంటాయి చూడండి, ఆ చివర లేని పేజీని 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ రూపొందించాడు. తర్వాత ఆయనే దానికి పశ్చాత్తాపపడుతున్నానని బాహాటంగా చెప్పాడు. పుస్తకానికి చివరి పేజీ ఉంటుంది, పేపర్‌కి ఉంటుంది. అక్కడ మనిషి ఆగి ఊపిరి తీసుకుంటాడు. ఇక్కడ ఆగే చోటే లేదు.

పోలిక కొత్త రోగం కాదు. మనిషి తన విలువ కొలుచుకోవడానికి పక్కవాడిని చూస్తాడని లియోన్ ఫెస్టింగర్ 1954లోనే సిద్ధాంతం రాశాడు. మా నాన్నకు పక్కవాడంటే మా వీధిలో పది ఇళ్లు. వాళ్ల స్కూటరూ తెలుసు, వాళ్ల అప్పులూ తెలుసు. నాకు పక్కవాడంటే డల్లాస్‌లో ఇల్లు కొన్న సీనియర్, మాల్దీవుల్లో ఫొటో దిగిన జూనియర్. వాళ్ల స్కూటరే కనిపిస్తుంది, అప్పు కనిపించదు.

కానీ నిజం చెప్పాలంటే, నెల రోజులు ఇన్‌స్టాగ్రామ్ తీసేసి చూశా. నిద్ర మెరుగైంది. ఆదివారం సాయంత్రం మాత్రం అలాగే వచ్చింది. అప్పుడర్థమైంది, ఫోన్ ఖాళీని పెంచుతుందేమో గానీ ఆ ఖాళీ దాని సొంతం కాదని.

"కరెంటొచ్చింది!"

మా నాన్న లైన్‌మన్. అనకాపల్లి దగ్గర పల్లె మాది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. అది కూడా ఆదివారమే. జ్వరమొచ్చి హాస్టల్ నుంచి ఇంటికొచ్చి ఉన్నా. గంటకు 170, 180 కిలోమీటర్ల గాలి. మర్నాడు చూస్తే మా ఊరి స్తంభాలు వరి దుబ్బుల్లా నేలకు వాలిపోయి ఉన్నాయి. నాన్న తడిసిన చొక్కాతోనే సైకిలెక్కి వెళ్లిపోయాడు. తర్వాత తొమ్మిది రోజులు ఆయన ఇంటికి ఎప్పుడొచ్చేవాడో, ఎప్పుడెళ్లేవాడో తెలియదు. అరచేతుల్లో బొబ్బలు చితికి గుడ్డ అంటుకుపోయేది.

తొమ్మిదో రోజు సాయంత్రం మా వీధి లైటు రెండుసార్లు మిణికి వెలిగింది. వీధి వీధంతా ఒక్కటే అరుపు. "కరెంటొచ్చింది!" పిల్లలు, ముసలాళ్లు, అందరూ. నాన్న స్తంభం దిగి ఆ గోలకేసి చూస్తూ ఊరికే నవ్వాడు.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అడిగా. "నాన్నా, ఎప్పుడైనా ఈ ఉద్యోగం ఎందుకు చేస్తున్నానా అనిపించిందా?" ఆయనకు నా ప్రశ్నే అర్థం కాలేదు. కాసేపాగి అన్నాడు. "జీతం చాలేది కాదురా, అది నిజం. కానీ ఎందుకంటావేట్రా? జనం చీకట్లో కూర్చుని నాకోసం చూస్తుంటే!"

ఆ మాట పట్టుకుని హైదరాబాద్ బస్సెక్కా. దారంతా ఒకటే ఆలోచన. నా కోసం ఎవరు చూస్తున్నారు? ఆరేళ్లుగా కోడ్ రాస్తున్నా. ఒక్కసారైనా ఎవరైనా "వచ్చింది!" అని అరిచారా?

టిఫిన్ బండి దగ్గర

నేను పనిచేసేది డబ్బు చెల్లింపుల యాప్‌లో. చెల్లింపు మధ్యలో ఇరుక్కుపోతే అవతలివాళ్ల ఫోన్‌కి ఏ మెసేజ్ వెళ్లాలి అన్నది మా టీమ్ పని. నాకది టికెట్ నంబరు, డ్యాష్‌బోర్డులో ఓ గీత.

సంక్రాంతి అయి వచ్చిన వారమే, రోజూ తినే టిఫిన్ బండి అక్క ఫోన్ నా ముందు పెట్టింది. "తమ్మీ, నువ్వు సాఫ్ట్‌వేరోనివి గదా. గీ పైసలు పడ్డయా లేదా, జర సూడు." చూశా. ఇంగ్లిష్‌లో రెండు లైన్ల మెసేజ్. మా టీమ్ పంపేదే. అక్కకి ఇంగ్లిష్ రాదు. ఇలాంటివి వచ్చినప్పుడల్లా కొనేవాణ్ని పోనిస్తే డబ్బులు పోతాయి, ఆపితే గొడవ. గొడవెందుకని పోనిచ్చేదట. చిన్న నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుంది. 40, 60, 35... ఆ నెలకి ఓ పేజీ నిండింది. మా డ్యాష్‌బోర్డులో ఆమె సున్నా పాయింటు తర్వాత వచ్చే ఓ అంకె.

ఆఫీసులో చెప్పా. "ప్రయారిటీ కాదు" అన్నారు. మళ్లీ చెప్పా. మూడు వారాలు వెంటపడితే ఒప్పుకున్నారు. చేసింది చిన్న మార్పే. తెలుగులో నాలుగు మాటలు: డబ్బులు ఇంకా రాలేదు, ఆగండి. వచ్చినా, వెనక్కి వెళ్లినా ఇంకో మెసేజ్. ఓ పొద్దున బండి దగ్గర నిలబడి ఉండగా ఆ మెసేజ్ వచ్చింది. అక్క చదువుకుని "పైసలు రాలే, ఒక్క నిమిషం ఆగు సారూ" అని ఎదుటాయనతో చెప్పి అట్టు తిప్పేసింది. అది రాసింది నేనని ఆమెకు తెలియదు. చెప్పలేదు కూడా. ఆ రోజు ఆఫీసుకి ఆటో ఎక్కకుండా నడిచి వెళ్లా.

ఇది నా ఒక్కడి పిచ్చి కాదని తర్వాత చదివితే తెలిసింది. ఆడమ్ గ్రాంట్ అనే పరిశోధకుడి బృందం 2007లో ఓ ప్రయోగం ప్రచురించింది. ఓ విశ్వవిద్యాలయం కోసం ఫోన్లు చేసి స్కాలర్‌షిప్పులకి విరాళాలు అడిగే ఉద్యోగులు. విసుగు పుట్టించే పని. వాళ్లలో కొందరికి ఆ స్కాలర్‌షిప్‌తో చదువుకున్న విద్యార్థిని కలిపించారు, కొద్ది నిమిషాలే. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోన్‌లో మాట్లాడే సమయం రెట్టింపు దాటింది. తెచ్చిన విరాళం రెండున్నర రెట్లు దాటింది. జీతం పెరగలేదు. పని మారలేదు. ఆ పని ఎవరికి చేరుతోందో కళ్లారా చూశారు, అంతే.

మన తరం దిగులులో పెద్ద ముక్క ఇదేనని నా నమ్మకం. పని చేస్తున్నాం గానీ అది ఎవరి చేతికి అందుతోందో కనబడటం లేదు. వేల మంది ఫాలోయర్లు ఉండొచ్చు. మనం ఓ సాయంత్రం రాకపోతే "ఏడీ?" అని అడిగేవాళ్లు ఎందరు?

అన్నింటికీ ఇదే మందు కాదు

ఓ మాట స్పష్టంగా చెప్పాలి. డిగ్రీ చేతపట్టుకుని మూడేళ్లుగా ఉద్యోగం దొరకని నా స్నేహితుడికి అర్థం గురించి ఉపన్యాసం అక్కర్లేదు, ఉద్యోగం కావాలి. జీతంలో సగం అద్దెకే పోయేవాడిది లోపలి ఖాళీ కాదు, జేబు ఖాళీ.

ఇంకోటి. పక్క మంచం స్నేహితుడు "నీకూనా?" అన్నాడని చెప్పా కదా. నాది ఆదివారం సాయంత్రంతో పోయేది. వాడిది పోలేదు. ఆఫీసుకి సెలవు పెట్టి వారాల తరబడి మంచం దిగలేదు. స్నానం లేదు, తిండి లేదు. బద్ధకం అనుకున్నా. "లేవరా, జిమ్‌కి పోదాం" అని జోకులేశా. వాళ్లక్క వచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే డిప్రెషన్ అన్నారు. మందులు వాడాడు, ఇప్పుడు బాగున్నాడు. ఒకే గదిలో ఉండి కూడా ముందే ఎందుకు అడగలేదా అని నాకు ఇప్పటికీ తప్పు చేసినట్టే ఉంటుంది.

కాబట్టి రెండు వారాలకు మించి దిగులు వదలకపోతే, నిద్ర, తిండి పాడైతే, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, దాన్ని తత్వంతో సరిపెట్టుకోకండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. నంబరు 14416. ఉచితం, 24 గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇప్పుడు మా ఆదివారం

మా పీజీలో ఆదివారం రాత్రి మెస్ ఉండదు. ఇన్నాళ్లూ ఎవరి ఫోన్‌లో వాళ్లు ఆర్డరు పెట్టుకుని, ఎవరి మంచం మీద వాళ్లం తినేవాళ్లం. నాలుగు నెలల కిందట ఓనరు ఆంటీని బతిమాలి వంటగది తీసుకున్నాం. మా అంతస్తులో ఆరుగురం. వారానికిద్దరు వండాలి. మొదటి వారం పప్పుచారులో ఉప్పు రెండుసార్లు పడింది. ఎవడూ వదల్లేదు, తిట్టుకుంటూనే తిన్నారు.

దిగులు పూర్తిగా పోయిందని చెప్పను. కొన్ని ఆదివారాలు తడి దుప్పటి ఇంకా వస్తుంది. కానీ ఆరింటికి చేతిలో పని ఉంటుంది, ఆ పనికి చివర ఉంటుంది, ఆ చివర ఆకలితో ఐదుగురు ఉంటారు.

మొన్న వంట మా ఇద్దరిది. వాడు ఉల్లిపాయలు తరుగుతున్నాడు. నేను చింతపండు పిసుకుతున్నా. అమ్మ ఫోన్ చేస్తే స్పీకర్‌లో పెట్టా.

"తిన్నావేట్రా?"

"ఇంకా లేదమ్మా, వండుతున్నా. తర్వాత చేస్తా. ఇక్కడ అందరూ పళ్లేలు పట్టుకుని కూర్చున్నారు."