తాళం కప్ప జీవితకథ

కొండపల్లి బొమ్మల కాలనీలో తయారయ్యే ఏనుగు అంబారీ కోసం ఒకప్పుడు ఆ ఊరికో, బెజవాడలోని లేపాక్షి హస్తకళల షాపుకో వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు సంక్రాంతి కొలువుకి కావలసిన బొమ్మల్ని ఫోన్‌లోనే ఆర్డరు పెట్టేస్తున్నారు. డబ్బు కట్టే ముందు చాలామంది వెతికింది వెబ్ చిరునామా పక్కనుండే బుల్లి తాళం కప్పనే. పాపం, అది చేసే పని కన్నా దాని మీద జనం పెట్టుకున్న నమ్మకమే పెద్దది.

1989లో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను ప్రతిపాదించింది శాస్త్రవేత్తలు సమాచారం పంచుకోవడానికి. అందులో దాపరికం పెద్దగా అవసరమనిపించలేదు. పేజీ ఏ దారిన వెళ్తే ఆ దారిలో కాపు కాసినవాళ్లు దాన్ని చదువుకోవచ్చు. దుకాణాలు వెబ్‌కెక్కేసరికి కార్డు నంబర్ల సంగతేమిటన్న ప్రశ్న వచ్చింది. 1995లో నెట్‌స్కేప్ సంస్థ ఎస్‌ఎస్‌ఎల్ అనే పద్ధతిని బయటపెట్టింది. ఆ రోజుల్లో దాని బ్రౌజరు చూపింది తాళంచెవి బొమ్మ: చెవి విరిగి కనిపిస్తే రక్షణ లేనట్టు. తాళం కప్ప ఆ తర్వాత స్థిరపడింది.

దాని పని ఇది. సైటు తన ధ్రువపత్రాన్ని పంపుతుంది. దాన్ని జారీ చేసిన సంస్థ పెట్టిన సంతకాన్ని బ్రౌజరు సరిచూస్తుంది. ఆపైన రెండూ కలిసి ఒక రహస్య సంఖ్యను కుదుర్చుకుంటాయి. ఇక మాటలన్నీ ఆ సంఖ్యతో కలగాపులగం చేసిన అక్షరాలే. మధ్యలో దొంగిలించినా అర్థం కావు.

ఆ ధ్రువపత్రానికి డబ్బు కట్టాల్సి రావడంతో చిన్న సైట్లు చాలాకాలం దాని జోలికి పోలేదు. పెద్ద సైట్లు కూడా లాగిన్ పేజీకి తాళం వేసి, మిగతా పేజీల్ని బార్లా తెరిచి ఉంచేవి. 2010లో ఫైర్‌షీప్ అనే చిన్న ప్రోగ్రాం, ఒకే వైఫై వాడుతున్న పక్కవాడి ఖాతాలోకి దూరడం ఎంత తేలికో చూపించింది. 2015 చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ధ్రువపత్రాల్ని ఉచితంగా ఇవ్వసాగింది. 2018 జులై నుంచి తాళంలేని ప్రతి సైటు మీదా గూగుల్ క్రోమ్ ‘సురక్షితం కాదు’ అని ముద్ర వేసింది.

ఉచితం అంటే దొంగకూ ఉచితమే. నకిలీ దుకాణాలూ తాళం తగిలించుకున్నాయి. పార్సిలు మీది సీలు దారిలో ఎవరూ విప్పలేదని చెబుతుంది గానీ, కట్టినవాడు మంచివాడని చెప్పదు కదా! 2021లో గూగుల్ జరిపిన పరిశీలనలో తాళం అర్థాన్ని సరిగ్గా చెప్పగలిగినవారు 11 శాతమే. 2023 సెప్టెంబరులో క్రోమ్ తాళం బొమ్మనే తీసేసి సెట్టింగుల గుర్తు పెట్టింది. లోపలి రక్షణ మాత్రం అలాగే ఉంది.

దారి భద్రమయ్యాక దొంగ మనిషి మీద పడ్డాడు. 2016లో యూపీఐ చెల్లింపులు వచ్చాక కొత్త మోసం పుట్టింది: ‘బొమ్మలు కొంటాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది’ అంటారు మోసగాళ్లు. పిన్ కొడితే డబ్బు పోవడమే గానీ రావడం ఉండదు. రిజర్వు బ్యాంకు ఆలోచన కూడా దారి నుంచి దాని చివరల మీదికి మళ్లింది. 2022 అక్టోబరు నుంచి దుకాణాలు కార్డు వివరాలు దాచుకోకూడదంది: లేనిదాన్ని ఎవరూ దొంగిలించలేరు. ఇక పేరు సంగతి. నకిలీ సైట్లతో తికమక పడకుండా, 2025 అక్టోబరు 31లోగా బ్యాంకులన్నీ ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాలకు మారాలంది.

కొండపల్లి వ్యాపారికి ఇందులో పాఠం ఉంది. దుకాణంలో అయితే కొనేవారు బొమ్మను చేతిలోకి తీసుకుని తెల్ల పొణికి కర్ర తేలికదనం చూసుకుంటారు. తెర మీద ఫొటో తప్ప మరేమీ లేదు, ఆ ఫొటోను ఎవరైనా కాజేసి తమ సైటులో పెట్టుకోవచ్చు. కొండపల్లి బొమ్మ పేరుకు భౌగోళిక గుర్తింపు రక్షణ ఉంది గానీ, ఇంటర్నెట్‌లో ఆ పేరు పెట్టుకున్న ప్రతి సైటునూ అది ఆపలేదు. అందుకని సొంత చిరునామా ఒకటి కొనుక్కుని, ఏటేటా గడువు దాటకుండా దాని రుసుము కట్టుకోవాలి. ఆ చిరునామాను ప్రతి బొమ్మ పెట్టె మీదా అచ్చు వేయించాలి. ఆర్డర్లు తీసుకునే వాట్సాప్‌కు రెండంచెల పిన్ పెట్టాలి. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. తాళం రక్షణ ఇప్పుడు దాదాపు ప్రతి దుకాణానికీ ఉంది కాబట్టి, కొనేవాడు చదవాల్సింది చిరునామాలోని పేరునే.