మొక్కకు వేసే మందు ఇంటికి ముప్పు కాకూడదు

కుండీలో వంగ మొక్క పూతకొచ్చిందని సంబరపడేలోపే ఆకుల అడుగున తెల్లదోమ చేరుతుంది. మందార కొమ్మకు పిండినల్లి, చిక్కుడు తీగకు పేనుబంక పడతాయి. రోజూ నీళ్లు పోసి పెంచిన మొక్క కళ్లముందే ముడుచుకుపోతుంటే మనసు ఊరుకోదు. అప్పుడే కొందరు ఊళ్లో పొలానికి కొట్టే పురుగుమందును చిన్న సీసాలో పోయించుకుని ఇంటికి తెచ్చుకుంటారు. ఆ పని మాత్రం చేయకండి.

ఆ సీసా ఎందుకు వద్దు?

పొలాల్లో వాడే మందుల్లో కొన్ని ఆర్గానోఫాస్ఫేట్ రకానివి. అవి పురుగు నరాలను దెబ్బతీసినట్టే మనిషి నరాలనూ దెబ్బతీస్తాయి. మింగితేనే కాదు, చర్మం నుంచీ, ఊపిరి నుంచీ ఒంట్లోకి వెళ్తాయి. కూల్‌డ్రింక్ సీసాలో పోసి మెట్ల కింద పెట్టిన మందును పిల్లలు తాగే పానీయమనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

పురుగుమందు డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు దాని తర్వాతది, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ తక్కువ విషం. ఆకుపచ్చ గుర్తును చూసి చాలామంది ‘సేంద్రియం’ అనుకుంటారు. దాని అర్థం అది కాదు.

ఇంట్లో చేసుకోదగ్గవి

వారానికి రెండుసార్లు ఆకు తిప్పి అడుగున చూడండి. పేనుబంక కొత్తగా పట్టినప్పుడు నీటిధారతో గట్టిగా కడిగితే చాలావరకు పోతుంది. పిండినల్లిని సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయండి. ఆ సమయంలో దగ్గర్లో మంట ఉండకూడదు.

ఉద్ధృతి పెరిగితే వేపనూనె వాడండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నూనె నీటిలో కలిసేందుకు కొద్ది చుక్కల ద్రవ సబ్బు చాలు. ముందు రెండు ఆకుల మీద చల్లి ఒక రోజు ఆగండి. ఆకు మాడకపోతే మొక్కంతా, ముఖ్యంగా ఆకుల అడుగున తడిసేలా పిచికారీ చేయండి. సాయంత్రం కొడితే మంచిది. ఎండకు వేపలోని అజాడిరక్టిన్ త్వరగా పాడవుతుంది, పైగా పగలు తేనెటీగలు తిరుగుతుంటాయి. వేప పురుగును వెంటనే చంపదు. తిండి మాన్పిస్తుంది, ఎదుగుదలను ఆపుతుంది. అందుకే మర్నాటికి పురుగు కనిపించిందని మోతాదు పెంచకండి. వారం తర్వాత మళ్లీ కొట్టండి.

వంగలో కొమ్మ చివర వాలిపోతే లోపల తొలుచు పురుగు ఉన్నట్టే. దాన్ని కిందికంటా తుంచి నాశనం చేయండి. బీర, కాకర పిందెలకు కాగితపు సంచి కడితే పండు ఈగ గుడ్లు పెట్టలేదు. రాలిన పుచ్చుకాయలను కుండీలోనే వదిలేస్తే పురుగు మట్టిలో చేరి మళ్లీ ఈగై వస్తుంది. తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు, తామర పురుగుకు నీలం అట్టలు కట్టండి. అక్షింతల పురుగు కనిపిస్తే మాత్రం జోలికి పోకండి, పేనుబంకను తినేది అదే.

సహజమైనదల్లా సురక్షితం కాదు

వేపనూనెను పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచండి. కడుపులో పురుగులకనో, జలుబుకనో పసిపిల్లలకు చెంచాడు పట్టిస్తే వాంతులు, మూర్ఛ వచ్చి, కాలేయం, మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. పొగాకు కషాయం అసలు వద్దు. అందులోని నికోటిన్ చర్మం గుండా ఒంటికి ఎక్కుతుంది. టమాటా, మిరపలకు వైరస్ తెగులునూ అంటించవచ్చు. పచ్చిమిర్చి, వెల్లుల్లి కషాయం కొట్టేటప్పుడు కళ్లద్దాలు, మాస్కు, చేతి తొడుగులు ఉండాల్సిందే. ఇంట్లో ఆస్తమా ఉన్నవారిని ఆ సమయంలో మిద్దె మీదికి రానివ్వకండి. ఏది చల్లినా కోసిన కూరను బాగా కడిగే వండండి.

కుండీల కింద పళ్లేల్లో నిలిచే నీటిలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. వారానికోసారి పళ్లేన్ని ఒంపేసి, రుద్ది, ఆరబెట్టండి.

ప్రమాదం జరిగితే

మందు ఒంటిమీద పడితే తడిసిన బట్టలు విప్పేసి, సబ్బుతో చాలాసేపు కడగండి. సాయం చేసేవారు చేతి తొడుగులు వేసుకోవాలి. కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా నీళ్లు పోయండి. మింగితే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. చెమటలు, నోటి వెంట చొంగ, కంటిపాప చిన్నదవడం, ఆయాసం వంటి లక్షణాలు వచ్చేదాకా చూస్తూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి. ఆ మందు డబ్బాను కూడా ఆసుపత్రికి తీసుకురండి. లోపలికి వెళ్లిందేమిటో తెలిస్తే చికిత్స మొదలుపెట్టడంలో ఆలస్యం తగ్గుతుంది.