వెదర్ యాప్‌లో గాలి ‘12’ అంటే మీ ఊళ్లో ఎంత? ఇలా అర్థం చేసుకోండి

ఇంట్లో ఫోన్ గురించి బాగా తెలిసింది మీకే అయితే ఈ ప్రశ్న మీకూ ఎదురయ్యే ఉంటుంది: “ఒరేయ్, సాయంత్రం గాలి ఉంటదేమో చూసి చెప్పు, చేలో మందు కొట్టాలి.” మీరు యాప్ ఓపెన్ చేసి “12 కిలోమీటర్లే నాన్నా” అంటారు. సాయంత్రానికి ఈదురు గాలి! తప్పు యాప్‌దా, మీదా? చాలాసార్లు ఆ 12 దేని గురించో మనకు తెలియకపోవడమే అసలు సమస్య.

ఆ నంబర్ మీ ఊరిది కాదు

ఫోర్‌కాస్ట్ మోడల్ భూమిని గళ్లుగా విడగొట్టి లెక్క వేస్తుంది. విండీ యాప్‌లో కనిపించే యూరప్ మోడల్ ఈసీఎండబ్ల్యూఎఫ్‌లో ఒక్కో గడి సుమారు 9 కి.మీ. అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్‌లో సుమారు 13 కి.మీ. మన దేశం 2025 మేలో మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో 6 కి.మీ. అంటే మీ ఊరు, పక్క ఊరు, మధ్యలో చెరువు, గుట్ట అన్నీ ఒకే గడిలో పడిపోవచ్చు.

పైగా ఆ వేగం నేల నుంచి 10 మీటర్ల ఎత్తులోది. చేలో మీరు నిలబడిన చోట గాలి మామూలుగా అంతకంటే తక్కువే ఉంటుంది.

గస్ట్స్ చూడకుండా వదలొద్దు

యాప్‌లో పెద్దగా కనిపించేది సగటు వేగం. మధ్యలో ఒక్కసారిగా వచ్చే విసురే ‘గస్ట్’. కొమ్మలు విరిచేది, రేకులు లేపేది అదే. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగు రెట్లు అవుతుంది. 20కి, 40కి తేడా అందుకే అంత పెద్దది.

యూనిట్ కూడా చెక్ చేయండి. సెకనుకు 1 మీటర్ అంటే గంటకు 3.6 కి.మీ. 1 నాట్ అంటే 1.85 కి.మీ. యాప్ నాట్స్‌లో 12 చూపిస్తుంటే అది 22 కి.మీ. అన్నమాట!

దిక్కు దగ్గర కన్ఫ్యూజ్ అవ్వొద్దు

గాలికి ఎప్పుడూ అది వచ్చే దిక్కు పేరే పెడతారు. మనం పడమటి గాలి, నైరుతి రుతుపవనాలు అనేది కూడా ఇలాగే. కానీ చాలా యాప్‌లలో బాణం గుర్తు గాలి వెళ్లే వైపు చూపిస్తుంది. పడమటి గాలి అయితే బాణం తూర్పు వైపు ఉంటుంది. మందు ఎవరి చేలోకి కొట్టుకెళ్తుందో చెప్పేది ఈ బాణమే.

మరి ఎండాకాలం ఈదురు గాలి?

ఏప్రిల్, మే నెలల్లో మామిడి కాయలు రాల్చే గాలి ఉరుముల మేఘం నుంచి వస్తుంది. వానతో చల్లబడి బరువెక్కిన గాలి కిందికి దూకి, నేలను తాకి నాలుగు వైపులా పరుచుకుంటుంది. ఆ మేఘం గంటలోనే పుట్టొచ్చు, సైజు కొన్ని కిలోమీటర్లే. 9 కి.మీ. గడికి అది సరిగ్గా దొరకదు.

అందుకే అలాంటి రోజు పొద్దున్న చూసిన నంబర్‌ను సాయంత్రం దాకా నమ్మొద్దు. పని మొదలుపెట్టే ముందు వాతావరణ శాఖ ‘మౌసమ్’ యాప్‌లో నౌకాస్ట్ చూడండి. అది రాబోయే 3 గంటలకు ఇచ్చే హెచ్చరిక. రాడార్ బొమ్మలో మేఘాలు ఎటు కదులుతున్నాయో గమనించండి. దగ్గర్లో పిడుగులు పడుతున్నాయా అన్నది ‘దామిని’ యాప్ చెబుతుంది.

రెండు వారాల టెస్ట్

చేలో ఒక కర్రకు రిబ్బన్ కట్టండి. రోజూ ఒకే టైమ్‌కి యాప్ చెప్పిన వేగం, దిక్కు, రిబ్బన్ ఎటు, ఎంతలా ఎగిరిందీ ఫోన్ నోట్స్‌లో రాసుకోండి. విండీలో మోడల్స్ మార్చి కూడా పోల్చండి. ఏ మోడల్ మీ చేనుకు దగ్గరగా చెబుతోందో, ఏ టైమ్‌లో తప్పుతోందో మీకే తెలిసిపోతుంది.

ఈసారి నాన్న అడిగితే ఒక్క నంబర్ చెప్పి వదిలేయకండి. “గాలి పడమట నుంచి, విసురు 25 దాకా ఉంటది. నాలుగింటికి ఇంకోసారి చూసి చెప్తా, అప్పుడు వెళ్దువు” అనండి.