లోపల గడ్డి కాదు!

ఓ ఆదివారం పొద్దున్నే మా చెల్లెలు వచ్చి, "అన్నయ్యా, నువ్వే వాడికి బుద్ధి చెప్పాలి. బి.ఎస్సీ. ప్యాసై చచ్చిన కోళ్ళ తోళ్ళు ఒలుస్తున్నాడు!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మేనల్లుడు టాక్సిడర్మీ నేర్చుకుంటున్నాడట. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో ప్రబంధాలు చెబుతున్నవాణ్ణి, ఇదేపాటి అనుకుని బయల్దేరాను.

వాడు పెరట్లో కూర్చుని చచ్చిన కోడిపుంజును టేపుతో కొలుస్తున్నాడు.

"తోలు తీసి గడ్డి కుక్కడమేగా, దీనికి చదువెందుకురా?" అన్నాను.

"గడ్డి కుక్కితే బస్తా అవుతుంది మావయ్యా, పుంజు కాదు" అని నవ్వాడు.

తోలు తీయకముందే కొలతలన్నీ రాసుకోవాలిట. తోలుకు కొవ్వు ఏమాత్రం అంటి ఉన్నా పాడైపోతుంది. పెద్ద జంతువులకైతే కండలతో సహా మట్టిబొమ్మ చేసి, అచ్చు తీసి, దానిలో తయారుచేసిన బోలు బొమ్మమీద తోలు తొడుగుతారు. ఈ పద్ధతికి పేరు తెచ్చినవాడు అమెరికా దేశపు కార్ల్ ఏక్లీ (1864-1926). కళ్ళు గాజువి. పూర్వం తోలుకు పాషాణం కలిపిన సబ్బు రాసేవారు. అంచేత పాత మ్యూజియం బొమ్మలను వట్టి చేతులతో తాకరాదు.

"పులుల్ని వేటాడే రోజులు పోయాయి కదా, ఇంక పనేముంది?" అన్నాను.

నిజమే. వేటగాళ్ళ పులులను నిలబెట్టిన మైసూరు వాన్ ఇంజెన్ కార్ఖానా మూతపడింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ వృత్తికి లైసెన్సు కావాలి. కాని బొంబాయి సంజయ్ గాంధీ జాతీయోద్యానంలో 2009లో ఒక కేంద్రం వెలిసింది. వాటంతటవి చనిపోయిన జంతువులను అక్కడ పిల్లల చదువుకోసం నిలబెడుతున్నారు.

వాడు అంతకుముందు చేసిన పుంజును చూపించాడు. మెడ ఎందుకో కొయ్యలా ఉంది.

"బతికున్నదాన్ని సరిగా చూడలేదు మావయ్యా. అదే తప్పు" అన్నాడు.

నా నోట మాట రాలేదు. క్లాసులో నేను చెప్పేదీ అదే!

సాయంత్రం లైబ్రరీలో తిరగేశాను. 1826లో ఎడిన్‌బరోలో చదువుకుంటున్న చార్లెస్ డార్విన్ ఈ విద్య నేర్చుకున్నది జాన్ ఎడ్మన్‌స్టన్ దగ్గర. ఆయన ఒకప్పుడు గయానాలో బానిస. రెండు నెలల పాఠానికి ఫీజు ఒక గినీ. 1831లో బీగిల్ ఓడ ఎక్కిన డార్విన్‌కు, పక్షుల తోళ్ళు భద్రపరచి తేవడానికి ఆ చేతిపనే అక్కరకొచ్చింది.

"బుద్ధి చెప్పావా?" అంది చెల్లెలు.

"చెప్పించుకుని వచ్చానమ్మా. ఓ బతికున్న పుంజును కొనిపెట్టు. వాడు చూసి నేర్చుకుంటాడు" అన్నాను.