పాలున్నా తోడు కావాలి: థోరియం సంగతి

ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట పొలాల్లో కరెంటు అంటే దీపం ఒక్కటే కాదు, బోరు నీళ్ళు. మోటారు ఆగితే పైరు వాడిపోతుంది. అందుకే మిత్రులు అడుగుతుంటారు: "మన సముద్రపు ఇసుకలో థోరియం కుప్పలుగా ఉందట గదా! దానితో కరెంటు ఎందుకు తీయరు?" అని.

ఉన్నమాట నిజమే. భీమునిపట్నం, కళింగపట్నం తీరాల ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది. దేశంలోకెల్లా ఈ నిల్వలు ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే, సుమారు 37 లక్షల టన్నులు. అందులో దాదాపు పదోవంతు థోరియం ఆక్సైడు.

మరి చిక్కెక్కడ? పాలున్నంత మాత్రాన పెరుగు కాదు, తోడు వెయ్యాలి. థోరియం పాలవంటిది. యురేనియం-235 గాని, ప్లుటోనియం గాని పగిలినప్పుడు వెలువడే న్యూట్రాన్లే దానికి తోడు. న్యూట్రానును మింగిన థోరియం-232 మొదట థోరియం-233గా, కాసేపటికి ప్రొటాక్టినియం-233గా మారుతుంది. ఇక్కడ ఓపిక పట్టాలి. ఇందులో సగం యురేనియం-233 కావడానికి 27 రోజులు పడుతుంది. ఈ యురేనియం-233 చక్కగా పగిలి శక్తినిస్తుంది. నేటి పెరుగే రేపటికి తోడైనట్లు, దాని న్యూట్రాన్లు మళ్ళీ కొత్త థోరియాన్ని మారుస్తాయి.

మన దేశానికి పాలు ఎక్కువ, తోడు తక్కువ. పక్కనే కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉన్నా, ఆ రాతిలో యురేనియం బహు స్వల్పం. తీసిన యురేనియంలోనూ తేలిగ్గా పగిలే రకం నూటికి 0.7 మాత్రమే. అందుకే 1950లలో హోమీ భాభా మూడు మెట్ల పథకం వేశారు. మొదటి మెట్టులో సహజ యురేనియం వాడుతూ ప్లుటోనియం కూడబెట్టడం; రెండో మెట్టులో ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్లలో ఆ తోడును పెంచుకుంటూ థోరియాన్ని యురేనియం-233గా మార్చడం; మూడో మెట్టులో థోరియంతోనే నడుపుకోవడం.

ఇది కాగితం మీది ఊహే కాదు. కల్పాక్కంలో 'కామిని' అనే రియాక్టరు 1996లో యురేనియం-233తో పనిచేయడం మొదలెట్టింది. అయితే అది పరిశోధన కోసం కట్టింది. దాని శక్తి 30 కిలోవాట్లు. అదంతా కరెంటుగా మారిందనుకున్నా మన అయిదు హార్సుపవర్ మోటార్లు ఎనిమిదింటికి మించి తిరగవు.

ఇంకో చిక్కుంది. యురేనియం-233 వెంట కొద్దిగా యురేనియం-232 కూడా పుడుతుంది. దాని సంతతి తీవ్రమైన గామా కిరణాలను వెదజల్లుతుంది. కాబట్టి ఆ ఇంధనాన్ని మందపాటి గోడల చాటున, యంత్రాల చేతులతోనే తయారు చెయ్యాలి. ఖర్చు పెరుగుతుంది.

కనుక థోరియం వట్టి మాటా కాదు, రేపే మన మోటారు తిప్పేదీ కాదు. ఉట్టి మీద పాలకుండను చూసి పెరుగన్నం కలపలేం గదా! ఆ తోడు పెంచే విద్యలో భౌతిక, రసాయన శాస్త్రాలు చదివే మన మిత్రులకు బోలెడు పని ఉంది.